తెల్ల అంచుల ఐవీ మన ఎండాకాలం దాటాలంటే ఏం చేయాలి?

"డిసెంబర్‌లో కొన్నాను. సంక్రాంతి దాకా కళకళలాడింది. ఉగాది వచ్చేసరికి ఆకులు అప్పడాల్లా ఎండిపోయాయి. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, మరి ఎక్కడ తప్పు జరిగింది?"

ఐవీ అనే పాకే తీగ మొక్క గురించి ఏటా ఏప్రిల్‌లో ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు. జవాబు విడివిడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయి, ఈసారి మొత్తం ఒకేచోట రాస్తున్నాను. హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీ నాది. మొదటి మూడు ఐవీలూ నా చేతుల్లోనే పోయాయి. నాలుగోది మాత్రం బతికింది, దాని పిల్లలు ఇప్పుడు నాలుగు ఇళ్లలో ఉన్నాయి.

ఆ మూడూ ఎందుకు పోయాయంటే, నేను చదివిన సలహాలన్నీ చలిదేశాల వాళ్లవి. ఐవీ పుట్టిల్లు యూరప్, పశ్చిమాసియా అడవులు. అక్కడ అది వేసవిలో పెరుగుతుంది, చలికాలంలో మందగిస్తుంది. అందుకే వాళ్లు "వేసవిలో ఎరువు వేయండి, బయట పెట్టండి, కుండీ మార్చండి" అని రాస్తారు. అది చదివి మనం ఏప్రిల్‌లో ఎరువు వేసి బయట పెడితే మొక్క వారంలో కాలం చేస్తుంది. ఐవీకి మన చలికాలమే వసంతం, మన ఎండాకాలమే గడ్డుకాలం. కింద రాసిన పద్ధతులన్నీ ఆ లెక్కనే ఉంటాయి.

ముందు అది ఐవీయేనా?

నవ్వకండి, నాకు ఫోటో పంపి అడిగేవాళ్లలో చాలామంది దగ్గర ఉన్నది ఐవీ కాదు. నర్సరీల్లో తెల్ల మచ్చలున్న తీగ ఏదైనా ఐవీ అయిపోతోంది. మనీ ప్లాంట్‌నే ఇంగ్లీషులో డెవిల్స్ ఐవీ అంటారు, కానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. స్వీడిష్ ఐవీ అని అమ్మే తెల్ల అంచుల మొక్క మన వామాకుకు దగ్గరి బంధువు, ఆకు నలిపితే వాసన వస్తుంది. గోడలకు పాకే చిన్నాకుల తీగ అయితే మర్రి జాతిది, తుంచితే పాలు కారతాయి.

అసలు ఐవీ ఆకు కాస్త మందంగా, తోలులా ఉంటుంది. మూడు నుంచి ఐదు కోణాలుంటాయి. కాడ అతికిన చోటు నుంచి లేత రంగు ఈనెలు చేతివేళ్లలా విచ్చుకుంటాయి. తీగను తిప్పి చూస్తే కణుపుల దగ్గర పొట్టి వేళ్లు దువ్వెన పళ్లలా కనిపించవచ్చు. తుంచినా పాలు రావు. ఈ గుర్తులు సరిపోతేనే ముందుకు చదవండి. మనీ ప్లాంట్ అయితే మీకు ఇంత టెన్షన్ అక్కర్లేదు, అది ఎలాగైనా బతుకుతుంది.

రకాల విషయానికొస్తే, మన దగ్గర చీటీ మీద పేరు ఉండటం అరుదు. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చకు మీగడ తెలుపు అంచు ఉంటే గ్లేసియర్ కావచ్చు. పసుపు అంచు ఉంటే గోల్డ్ చైల్డ్, నడుమ పసుపు మచ్చ ఉండి అంచు పచ్చగా ఉంటే గోల్డ్‌హార్ట్. అరచేతంత పెద్ద ఆకులతో అల్జీరియన్ ఐవీ అని ఇంకో జాతి ఉంది. అందులో తెల్ల అంచుల రకం గ్లోయిర్ డి మారెంగో. వేడిని మిగతావాటి కంటే కాస్త బాగా ఓర్చుకుంటుంది. దొరికితే వదలకండి.

కావలసినవి

- 5 లేదా 6 అంగుళాల మట్టి కుండీ, అడుగున చిల్లు తప్పనిసరి. దాన్ని లోపల పెట్టడానికి వీలుగా 9 లేదా 10 అంగుళాల ఇంకో కుండీ. ఇది ఎండాకాలానికి, కారణం తర్వాత చెబుతాను.
- కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) ఒక పాలు. పెర్లైట్ దొరక్కపోతే గరుకు ఇసుక వాడండి. బీచ్ ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.
- పదునైన కత్తెర, చేతి గ్లౌజులు
- వేపనూనె, కాస్త లిక్విడ్ సోపు, స్ప్రే బాటిల్
- తెల్ల కాగితం ఒకటి (పురుగుల పరీక్షకు)
- బయట పెట్టేవాళ్లకు 50 నుంచి 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్

గ్లౌజులు ఎందుకంటే ఐవీ రసం కొందరికి చర్మం మీద పడితే దురద, దద్దుర్లు తెస్తుంది. ఆకులు, కాయలు తింటే మనుషులకూ, కుక్కలకూ, పిల్లులకూ విషమే. నోట్లో మంట, వాంతులు వస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో వేలాడే బుట్ట అందనంత ఎత్తులో ఉండాలి. తీగ చివర కిందికి జారి చేతికందితే ఎత్తులో పెట్టీ లాభం లేదు, అది కూడా చూసుకోండి.

1. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపు కొనండి

మార్చి తర్వాత ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు. నర్సరీలో షేడ్ నెట్ కింద, రోజుకు రెండు పూటలా తడిలో పెరిగిన మొక్క అది. సరాసరి మీ వేడి గదిలోకి వస్తే తట్టుకోలేదు.

కొనేముందు ఆకును తిప్పి అడుగు చూడండి. సన్నటి బూజు దారాలు, దుమ్ములాంటి చుక్కలు ఉంటే ఆ మొక్కే కాదు, పక్కవి కూడా వద్దు. ఆకుల్లో తెలుపు ఎక్కువుంటే అందమే, కానీ ఆకు మొత్తం తెల్లగా ఉన్న కొమ్మలు నిండిన మొక్క బలహీనమైనది. తెలుపు ఉన్న భాగం ఎండను ఆహారంగా మార్చుకోలేదు, పచ్చటి భాగమే దాన్నీ పోషించాలి. సగం పచ్చ, సగం తెలుపు ఉన్నది చూసుకోండి.

2. రెండు వారాలు విడిగా ఉంచండి

తెచ్చిన రోజే మిగతా మొక్కల మధ్య పెట్టకండి. కుండీని ప్లాస్టిక్ కవర్‌తో కట్టి, మట్టి జారకుండా పట్టుకుని, మొక్కను తలకిందులు చేసి కుళాయి కింద ఆకులు రెండు వైపులా కడగండి. ఆ తర్వాత పది రోజులకు ఇంకోసారి. మొదటి వారంలో రెండు మూడు పాత ఆకులు రాలితే కంగారు పడొద్దు, చోటు మారిన అలసట అది.

3. కుండీ మార్చడం

ఇదీ చలి ఉన్నప్పుడే, అంటే అక్టోబర్ నుంచి జనవరి మధ్య. మొక్కను బయటికి తీస్తే చాలాసార్లు వేళ్ల చుట్టూ సన్నటి వల సంచీ, లోపల ఉత్త కోకోపీట్ ముద్ద కనిపిస్తాయి. ఆ వల తీసేయండి. దాన్ని అలాగే పాతితే బయటి మట్టి ఎండినా లోపలి ముద్ద తడిగానే ఉంటుంది. మీరు పైన వేలు పెట్టి చూసి నీళ్లు పోస్తారు, లోపల వేళ్లు కుళ్లుతాయి. నా రెండో మొక్క ఇలాగే పోయింది.

కొత్త కుండీ పాతదానికన్నా ఒక్క అంగుళమే పెద్దది ఉండాలి. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని బకెట్టంత కుండీలో పెడితే వేళ్లు పీల్చుకోలేని నీళ్లు మట్టిలో నిలిచిపోతాయి. అడుగున గులకరాళ్లు పరచడం వల్ల నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు, దిగదు. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు.

వేపపిండి కలపవచ్చా అని అడిగేవాళ్లకు ఒక మాట: బాల్కనీ అయితే ఒక చెంచా కలపండి. గదిలో అయితే వద్దు, తడి తగిలాక వచ్చే వాసనకు ఇంట్లోవాళ్లు మొక్కను మిమ్మల్నీ కలిపి బయట పెడతారు.

4. వెలుతురు

పచ్చ ఐవీ కన్నా తెల్ల అంచుల ఐవీకి ఎక్కువ వెలుతురు కావాలి, ఎందుకో పైన చెప్పేశాను. అలాగని మధ్యాహ్నం ఎండ తగిలితే తెల్ల భాగమే ముందు మాడుతుంది. తూర్పు కిటికీ అన్నింటికన్నా మంచిది. ఉత్తరం కిటికీ పెద్దదైతే సరే. పడమటి కిటికీ అయితే మూడు అడుగులు లోపలికి, పల్చటి కర్టెన్ వెనక. నవంబర్ నుంచి జనవరి దాకా పొద్దుటి ఎండ గంటా రెండు గంటలు నేరుగా పడినా ఏమీ కాదు, పైగా రంగు తేరుతుంది.

వెలుతురు సరిపోతోందా లేదా అని పరీక్షించాలంటే ఉదయం పదకొండు గంటలకు మొక్క ఉండే చోట తెల్ల కాగితం పెట్టి, దానిపైన అడుగు ఎత్తులో చెయ్యి ఉంచండి. అంచులు మసకగా ఉన్నా చేతి నీడ ఆకారం తెలుస్తుంటే చాలు. నీడే కనబడకపోతే చీకటి, కత్తిరించినట్టు నల్లగా పడితే ఎండ ఎక్కువ.

బాత్‌రూమ్‌లో పెట్టమనే సలహా బాగా తిరుగుతోంది. పెద్ద కిటికీలున్న బాత్‌రూమ్‌లకు అది సరిపోతుంది. మన అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లో చిన్న వెంటిలేటర్ తప్ప ఏముంది? రెండు నెలల్లో తీగ సాగిపోయి, ఆకుల మధ్య జానెడు ఎడం వచ్చి, తెలుపు తగ్గిపోతుంది.

5. నీళ్లు

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. దానికి కారణం ఐవీ చేసే మోసం. వేళ్లు కుళ్లిన మొక్క మామూలుగా వాడి వేలాడాలి కదా. ఐవీ ఆకు మందంగా ఉండటం వల్ల వేళ్లు పోయిన తర్వాత కూడా కొన్ని రోజులు నిలబడే ఉంటుంది. ఆ తర్వాత నేరుగా ఎండుతుంది. ఎండింది కదా అని మనం ఇంకా నీళ్లు పోస్తాం.

అందుకే ఆకును చూసి కాదు, మట్టిని చూసి పోయండి. వేలు మొదటి గీత దాకా మట్టిలో దింపండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పొడిగా ఉంటే అడుగు చిల్లు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పావుగంటలో పారబోయండి. ఇంకా నమ్మకమైన పద్ధతి బరువు. నీళ్లు పోసిన వెంటనే కుండీ ఒకసారి ఎత్తి చూడండి, మూడు రోజుల తర్వాత మళ్లీ ఎత్తండి. రెండు వారాలు ఇలా చేస్తే చేతికే తెలిసిపోతుంది.

"రోజుకెన్ని నీళ్లు" అనే ప్రశ్నకు జవాబు లేదు. చలికాలంలో నా మట్టి కుండీకి నాలుగైదు రోజులకోసారి, మే నెలలో ఒకరోజు తప్పించి ఒకరోజు. మీది ప్లాస్టిక్ కుండీ అయితే ఇంకా తక్కువ సార్లు.

ఏ నీళ్లు అన్నది కూడా ముఖ్యమే. ఆర్వో ఫిల్టర్ నుంచి వదిలే వృథా నీటిని చాలా ఇళ్లలో మొక్కలకు పోస్తారు. పొదుపు మంచిదే కానీ, బోరు నీటిలోని ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోనే. ఐవీకి పోస్తే కుండీ అంచున తెల్ల పొర కట్టి, ఆకుల అంచులు గోధుమరంగు తిరుగుతాయి. దానికి బదులు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి. అందులో ఉప్పు దాదాపు ఉండదు. వాన నీళ్లు దొరికితే ఇంకా మేలు. బోరు నీళ్లే గతి అయితే రెండు నెలలకోసారి కుండీ పరిమాణానికి మూడు రెట్ల నీళ్లు పోసి మట్టిలోని ఉప్పు కడిగేయండి.

బియ్యం కడిగిన నీళ్లు పోయవచ్చా? పెరట్లో మొక్కలకు పోసుకోండి. గదిలో కుండీకి పోస్తే పులిసిన వాసన, చిన్న చిన్న ఈగలు.

6. వారానికో స్నానం

ఐవీకి మన దగ్గర అసలు శత్రువు ఎర్రనల్లి. సాలీడు జాతికి చెందిన సూక్ష్మమైన పురుగు, కంటికి ధూళిలా కనిపిస్తుంది. వేడి, పొడి గాలి దానికి పండగ. ఎండాకాలంలో గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పైన సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు వస్తాయి. తెల్ల మచ్చలున్న ఆకుల్లో ఈ చుక్కలు కలిసిపోయి కనబడవు. మీరు గుర్తుపట్టేసరికి ఆకు బూడిదరంగు తిరిగి ఉంటుంది. "ఎండ దెబ్బ" అని మనం అనుకునే వాటిలో చాలావరకు ఎర్రనల్లి పనే.

పరీక్ష: ఆకు కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి. పడిన ధూళిలో చుక్కలు నడుస్తుంటే నల్లి ఉన్నట్టే. వేలితో రుద్దితే గీత పడుతుంది. చలికాలంలో నెలకోసారి, ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఈ పరీక్ష చేయండి.

నివారణ చాలా సులువు, వారానికోసారి ఆకుల అడుగు తగిలేలా నీటి ధారతో కడగడమే. ఉదయం పూట కడిగి, సాయంత్రానికి ఆరేలా గాలి తగిలే చోట పెట్టండి. స్ప్రే బాటిల్‌తో పైపైన తుంపర కొట్టడం దీనికి సమానం కాదు, ఆ తేమ పది నిమిషాల్లో ఆవిరైపోతుంది.

పురుగు పట్టేసిందా? బాగా పట్టిన తీగలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. మిగతాది కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగైదు చుక్కల సోపు కలిపి సూర్యాస్తమయం తర్వాత ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ముందు ఒక్క ఆకు మీద కొట్టి, రెండు రోజులు ఆగి చూసి మిగతా మొక్కకు కొట్టండి. ఐదు రోజులకోసారి మూడు విడతలు తప్పనిసరి, మొదటి విడత గుడ్లను పూర్తిగా చంపదు. ఒకసారి కొట్టి "తగ్గింది" అని వదిలేయడమే అందరూ చేసే తప్పు. పెద్దల్ని చంపి పిల్లల్ని వదిలేసినట్టు.

ఒక హెచ్చరిక. దుకాణంలో "పురుగుల మందు" అని అడిగితే పేనుబంకకు, తెల్లదోమకు వాడే మందు ఇచ్చే అవకాశం ఎక్కువ. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నల్లి మీద పనిచేయవు, పైగా కొన్నిసార్లు నల్లి ఇంకా పెరుగుతుంది. నల్లికి వేరే మందులున్నాయి, కానీ గదిలో కొట్టేవి కావు. ఇంట్లో కుండీకి కడగడం, వేపనూనె సరిపోతాయి.

7. ఎరువు

తక్కువ చెబుతాను, మీరూ తక్కువే వేయండి. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) ఒక గ్రాము లీటరు నీటిలో కలిపి, తడి మట్టిలోనే పోయండి. లేదా రెండు నెలలకోసారి పిడికెడు వర్మీకంపోస్ట్. మార్చి నుంచి జూన్ దాకా ఏమీ వద్దు. నత్రజని ఎక్కువైతే తీగ బలిసి, పచ్చదనం తెలుపును మింగేస్తుంది.

8. పచ్చ కొమ్మలు, తెల్ల కొమ్మలు

తెల్ల అంచుల మొక్కలో ఉన్నట్టుండి ఒక తీగ మొత్తం పచ్చటి ఆకులతో వస్తుంది. చూడ్డానికి ఆరోగ్యంగా, జోరుగా ఉంటుంది. "బాగా పెరుగుతోంది" అని వదిలేస్తే ఏడాదిలో మొక్క మొత్తం అదే అవుతుంది, ఎందుకంటే దానికి ఆహారం తయారుచేసే శక్తి ఎక్కువ. కనబడ్డ రోజే కత్తిరించండి. చివర తుంచితే సరిపోదు. ఆ తీగ వెంట వెనక్కి వెళ్లి, ఆఖరి తెల్ల అంచు ఆకు ఎక్కడుందో చూసి, ఆ ఆకు ఉన్న కణుపుకు కాస్త పైన కోయాలి.

కొత్త ఆకులన్నీ ఒకేసారి పచ్చబడుతుంటే మాత్రం కత్తెర తీయకండి. అది వెలుతురు తగ్గిందనే ఫిర్యాదు. కిటికీ దగ్గరికి జరిపి నెల ఆగండి. పాత ఆకులు మారవు, కొత్త ఆకు అంచు చూడండి.

పూర్తి తెల్ల తీగలు కూడా తీసేయాల్సిందే, మనసొప్పకపోయినా. అవి తమకు తాము తిండి సంపాదించుకోలేవు. ఎండలు ముదిరితే మొదట పోయేవీ అవే. మరోవైపు లంబసింగి, ఊటీ లాంటి చోట్ల చలికి కొన్ని రకాల తెల్ల అంచులు లేత గులాబీ రంగు తిరుగుతాయి. అది జబ్బు కాదు, ఫోటో తీసుకోండి.

మామూలు కత్తిరింపు అక్టోబర్‌లో. సాగిన తీగల్ని మూడో వంతు తగ్గిస్తే కింది కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వచ్చి గుబురవుతుంది.

9. శివరాత్రి నుంచి మృగశిర దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మీరు ఆ రోజును గుర్తు పెట్టుకోండి. అప్పటి నుంచి ఐవీని పెంచే ఆలోచన మానేసి, కాపాడే ఆలోచన మొదలుపెట్టాలి. 10 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉండే మొక్క ఇది. 32 దాటితే నీరసపడుతుంది. మన దగ్గర 40 దాటుతుంది.

మొదట మట్టి కుండీని పెద్ద కుండీలో దించి, రెండింటి మధ్య ఖాళీని ఇసుకతో నింపండి. ఇసుకను రోజూ తడపండి. తడిసిన మట్టికుండలో మంచినీళ్లు చల్లబడే పద్ధతే ఇది. వేళ్లు చల్లగా ఉంటే పైన కొంత వేడిని మొక్క ఓర్చుకుంటుంది. కానీ ఇసుకలోంచి కూడా తేమ లోపలికి వస్తుంది, కాబట్టి లోపలి మట్టికి నీళ్లు తగ్గించాలి. వేలి పరీక్ష మానొద్దు. పెద్ద కుండీకీ చిల్లు ఉండాలి.

రెండోది చోటు. ఇంట్లో అన్నింటికన్నా చల్లటి గది ఏదో చూడండి. ఏసీ గది మంచిదే అనిపిస్తుంది, కానీ ఏసీ గాలి పొడిగా ఉంటుంది, నేరుగా తగిలితే రెండు రోజుల్లో ఆకు అంచులు ముడుచుకుంటాయి. రాత్రి 26లో ఉండి, పగలు ఆపేస్తే గది 38కి వెళ్లడం కూడా దానికి హింసే. హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి పొడి ఎండల ఊళ్లలో కూలర్ ఉన్న గది ఏసీ గది కన్నా నయం, చల్లదనంతో పాటు తేమా వస్తుంది. కూలర్‌కు ఎదురుగా కాకుండా పక్కగా, కిటికీ వెలుతురులో పెట్టండి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వాళ్లకు లెక్క వేరు. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి నల్లి తక్కువ, మచ్చ తెగుళ్లు ఎక్కువ. ఆకు మీద నీళ్లలో నానినట్టు మచ్చ, చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అది బ్యాక్టీరియా మచ్చ. ఆ ఆకులు తీసేసి, కొన్నాళ్లు ఆకులు తడపకుండా మట్టికే నీళ్లు పోయండి. కుండీల మధ్య ఎడం ఇచ్చి, ఫ్యాన్ గాలి మెల్లగా తగలనివ్వండి. వారానికోసారి స్నానం మీకు పదిహేను రోజులకోసారి చాలు.

ఈ నాలుగు నెలల్లో కొత్త ఆకు రాకపోయినా, ఉన్న ఆకుల్లో సగం రాలినా దిగులు పడకండి. తీగను గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. రోహిణి కార్తెలో ఎండకు రోళ్లు పగులుతాయంటారు, తీగలో పచ్చదనం మిగిలిందంటే మీరు గెలిచినట్టే. తొలకరి పడి గాలి చల్లబడ్డాక అది మళ్లీ చిగురిస్తుంది.

10. బయట పెంచాలంటే

జూలై నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు లేదా ఉత్తరం బాల్కనీలో, గ్రీన్ నెట్ కింద నిక్షేపంగా పెరుగుతుంది. లోపలి నుంచి బయటికి మార్చేటప్పుడు మొదటి మూడు రోజులు గంటసేపు, తర్వాత మూడు రోజులు పూటంతా, ఆ తర్వాతే పూర్తిగా. వానాకాలంలో కింద పళ్లెం తీసేయండి. నల్ల ప్లాస్టిక్ కుండీని బాల్కనీ గచ్చు మీద నేరుగా పెట్టొద్దు, ఇటుకల మీద పెట్టండి.

గోడకు పాకించాలనే కోరిక మైదాన ప్రాంతాల్లో మానుకోండి. పగలంతా కాగిన గోడ రాత్రి కూడా వేడి వదులుతూనే ఉంటుంది. బెంగళూరు, హార్స్‌లీ హిల్స్, అరకు లాంటి చోట్ల ఉత్తరం గోడకు ప్రయత్నించవచ్చు. తీగ తన చిన్న వేళ్లతో అతుక్కుంటుంది కాబట్టి పీకితే రంగు, సున్నం పెచ్చులతో సహా ఊడొస్తాయి. అద్దె ఇల్లయితే అడ్వాన్స్ గుర్తు తెచ్చుకోండి. ఇనుప జాలీ మీద పెంచుకోవడం నయం, కాకపోతే దానికది మెలికలు తిరిగి పాకదు. మీరే దారంతో వదులుగా కట్టాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా అడుగుతున్నారు. పోర్ట్‌లాండ్, సియాటెల్ వైపు ఇంగ్లీష్ ఐవీ అడవుల్లోకి పాకి చెట్లను కప్పేస్తోంది. ఒరెగాన్‌లో 2010 నుంచి దాని అమ్మకమే నిషేధం. అక్కడ నేలలో నాటకండి, ఇంట్లో కుండీకే పరిమితం చేయండి. కత్తిరించిన ముక్కల్ని పెరట్లో పారేసినా వేళ్లు పోసుకుంటాయి. తెల్ల అంచుల రకం నెమ్మదిగా పెరుగుతుంది కదా అనుకోవద్దు, దాంట్లోంచి వచ్చే పచ్చ కొమ్మకు ఆ నెమ్మది ఉండదు.

గాలిని శుద్ధి చేస్తుందనే మాట మీద: 1989లో నాసా చేసిన ప్రయోగంలో ఐవీ కూడా ఉంది, నిజమే. కానీ అది మూసిన చిన్న పెట్టెలో. తలుపులు తీసి మూసే గదిలో ఒక్క కుండీతో గాలి మారదు. అందం కోసం పెంచుకోండి.

తేడా వస్తే ఇలా చూడండి

ఆకు అంచులు గోధుమరంగు, మట్టి పొడి: నీళ్లు చాలలేదు, లేదా గాలి మరీ పొడి.
ఆకులు ఎండుతున్నాయి, మట్టి తడి: వేళ్లు కుళ్లాయి. బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది, కుళ్లింది నల్లగా జారుతుంది. కుళ్లినవి కోసేసి కొత్త మిశ్రమంలో చిన్న కుండీకి మార్చండి. వేళ్లు సగానికి మించి పోతే ఆశ వదులుకుని, బాగున్న తీగల్ని ముక్కలుగా కోసి వేళ్లు తెప్పించుకోండి (పద్ధతి 11లో ఉంది).
తెల్ల భాగం మాత్రమే కాగితంలా మాడింది: నేరుగా ఎండ.
కణుపుల దగ్గర దూది పింజలు: పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.
కొత్త ఆకు పాతదానికన్నా చిన్నది, ఎడం పెరుగుతోంది: వెలుతురు చాలట్లేదు.

నెలకోసారి ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, నవంబర్ ఫోటో పక్కన జనవరి ఫోటో పెడితే తెలుస్తుంది.

11. వారసుల్ని సిద్ధం చేసుకోండి

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక మే నెలలో పోవచ్చు. అందుకే అక్టోబర్ కత్తిరింపులో వచ్చిన తీగల్ని పారేయకండి. నాలుగైదు అంగుళాల ముక్కలు, ఒక్కోదానికి కనీసం మూడు కణుపులు. పూర్తిగా తెల్లవి వద్దు, కుళ్లిపోతాయి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ కణుపులు మునిగేలా నీళ్లలో పెట్టండి. రంగు సీసా అయితే పాచి పట్టదు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. మూడు నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. కొన్ని తెల్ల రకాలు ఇంకా ఆలస్యం చేస్తాయి, పైన ఆకు గట్టిగా ఉన్నంతవరకు ఓపిక పట్టండి.

వేరు అంగుళం రాగానే మట్టిలోకి మార్చాలి. మూడు నాలుగు అంగుళాలు పెరిగేదాకా సీసాలోనే ఉంచితే చూడముచ్చటగా ఉంటుంది గానీ, నీటిలో పెరిగిన పొడుగు వేళ్లు మట్టిలో విరిగిపోతాయి. సీసా వద్దనుకుంటే తడిపి పిండిన కోకోపీట్‌లో గుచ్చి, పైన చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ కవర్ కప్పి నీడలో ఉంచండి. మెల్లగా లాగితే ఊడి రాకుండా పట్టు తగిలిందంటే వేరు పట్టినట్టు.

ఒక్కో కుండీలో ఒక్క ముక్క నాటితే ఏళ్లు గడిచినా పలచగానే ఉంటుంది. నాలుగైదు కలిపి నాటండి. రెండు కుండీలు మీరు ఉంచుకుని, ఒకటి మీకన్నా చల్లటి ఇంట్లో ఉండే వాళ్లకు ఇవ్వండి. మీది పోయినప్పుడు అక్టోబర్‌లో వెళ్లి ఒక ముక్క అడిగి తెచ్చుకోవచ్చు. నేను తెచ్చుకున్నాను, రెండుసార్లు.